చలి ఊళ్లో ఏసీ సర్వీసింగ్: ఏడాది ప్లానా, ఒక్కసారి పిలవడమా, మనమే చేసుకోవడమా?

అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో, ఉడ్‌బరీలో ఈ మధ్యే ఇల్లు కొన్న ఒక తమ్ముడు ఏప్రిల్ మొదటి వారంలో ఫోన్ చేశాడు. "అన్నా, ఫర్నేస్‌కీ ఏసీకీ కలిపి నెలకు 23 డాలర్ల ప్లాన్ ఉందంటున్నారు. తీసుకోమంటావా? ఇక్కడ ఏసీ వాడేదే మూడు నెలలు కదా, దానికి ఇంత అవసరమా?" అని అడిగాడు. అప్పటికి వాళ్ల వీధిలో మంచు కుప్పలు ఇంకా పూర్తిగా కరగలేదు.

మినియాపోలిస్, సెయింట్ పాల్ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్నే ఇది. (ఫర్నేస్ అంటే చలికాలంలో ఇంటిని వెచ్చబరిచే యంత్రం.) నేను ఇక్కడ సొంత ఇంట్లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. మొదట రెండేళ్లు ప్లాన్ కట్టాను. తర్వాత అవసరమైనప్పుడు టెక్నీషియన్‌ని పిలిచాను. ఇప్పుడు చాలా పని నేనే చేసుకుని, కొంత పనికి మాత్రం డబ్బులిస్తున్నాను. ఈ మూడింటిలో ఎవరికి ఏది సరిపోతుందో తెలిసినంతవరకు చెప్తాను. ధరలన్నీ మా వైపు నేను చూసినవి. మీ ఊళ్లో కొంత అటూ ఇటూ ఉంటాయి, కానీ లెక్క వేసే పద్ధతి మారదు.

ఇక్కడ ఏసీ ఎంత పని చేస్తుంది?

జూలైలో మినియాపోలిస్ సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 83 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 28 సెల్సియస్. విజయవాడ వాళ్లకి అది డిసెంబరు మధ్యాహ్నం ఎండ. అయినా ఏసీ లేకుండా నిద్ర పట్టని రాత్రులు ఇక్కడా ఉంటాయి, ఉక్కపోత వల్ల. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే తేమ గాలికి మైళ్ల కొద్దీ పరుచుకున్న మొక్కజొన్న చేల తేమ కూడా తోడవుతుంది. 2011 జూలై 19న ఈ రాష్ట్రంలోనే ఉన్న మూర్‌హెడ్‌లో డ్యూ పాయింట్ (గాలిలో తేమ ఎంతుందో చెప్పే కొలత) 88 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరింది. కోస్తా ఉక్కపోతలో పెరిగిన వాళ్లకి కూడా అది ఎక్కువే.

కానీ అలాంటి రోజులు కొన్నే. ఒక మామూలు ఇంటి లెక్క చూద్దాం. రెండున్నర టన్నుల సెంట్రల్ ఏసీ, 13 సీర్ రేటింగ్ (కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే అంకె) అనుకోండి. 2006 నుంచి 2022 దాకా ఉత్తర రాష్ట్రాలకు చట్టం పెట్టిన కనీస రేటింగ్ అదే కాబట్టి చాలా ఇళ్లలో ఉన్నది అదే. అది గంటకు సుమారు 2.3 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. వేసవి మొత్తంలో 600 గంటలు పూర్తిగా తిరిగిందనుకుంటే 1,400 యూనిట్ల లోపు. యూనిట్ 16 సెంట్ల చొప్పున 220 డాలర్లు. మొత్తం సీజన్‌కి అంతే.

ఇప్పుడు సర్వీసింగ్ కంపెనీల ప్రకటన గుర్తు తెచ్చుకోండి: "ట్యూనప్ చేయిస్తే కరెంటు బిల్లు ఆదా." ఏసీ మురికి పట్టి పది శాతం ఎక్కువ కరెంటు తాగిందనుకున్నా, ఏడాదికి పోయేది 22 డాలర్లు. 150 డాలర్లు ఖర్చు పెట్టి 22 మిగుల్చుకోవడం లెక్క కాదు. హ్యూస్టన్‌లోనో ఫీనిక్స్‌లోనో ఏసీ ఏడాదిలో ఎక్కువ నెలలు తిరుగుతుంది, అక్కడ ఆ మాట నిలబడుతుంది. ఇక్కడ నిలబడదు. హైదరాబాదులో మార్చి రాగానే ఏసీ సర్వీసింగ్ చేయించే అలవాటుతో వచ్చాం కాబట్టి, ఇక్కడ కూడా ఎవరైనా "సర్వీసింగ్" అనగానే సరే అనేస్తాం. ఆగి లెక్క వేయడం మంచిది.

అంటే సర్వీసింగ్ వద్దని కాదు. చలి ఊళ్లో అది వేరే కారణాలకి కావాలి. ఇక్కడి ఏసీని వాడకం కంటే ఎక్కువగా పాడు చేసేది చలికాలమే. తొమ్మిది నెలలు మంచులో, చలిలో ఊరికే నిలబడుతుంది. గడ్డకట్టిన నేల పొంగి బయటి యూనిట్ కింద ఉన్న పలక ఒక పక్కకి ఒరుగుతుంది. చూరు నుంచి మంచుగడ్డలు పడి యూనిట్ చుట్టూ ఉండే సన్నటి రేకులు వంగుతాయి. వెచ్చదనం కోసం ఎలుకలు లోపల దూరి వైర్లు కొరుకుతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ ఏసీకీ ఫర్నేస్‌కీ బ్లోయర్ (గాలిని గదులకి నెట్టే ఫ్యాన్) ఒకటే, ఫిల్టర్ ఒకటే, గాలి గొట్టాలు ఒకటే. ఏసీ కోసం చూసేదాంట్లో సగం ఫర్నేస్‌కి కూడా పనికొస్తుంది.

మనమే చేసుకునే పని: ఏడాదికి 60 నుంచి 120 డాలర్లు

ఈ భాగం గురించే ఎక్కువ చెప్తాను. ఎందుకంటే, నా అనుభవంలో చలి ఊరి ఏసీకి కావలసిన సేవలో ముప్పావు వంతు ఇదే. దీనికి అయ్యే ఖర్చు దాదాపు అంతా ఫిల్టర్లదే.

ఒక అంగుళం మందం ఫిల్టర్ అయితే ఒక్కోటి 5 నుంచి 20 డాలర్లు, ఒకటి రెండు నెలలకోసారి మార్చాలి, మహా అయితే మూడు నెలలు. నాలుగైదు అంగుళాల మందం ఫిల్టర్ అయితే 25 నుంచి 50 డాలర్లు, ఆరు నెలల నుంచి ఏడాది వస్తుంది. మన ఇళ్లలో ఒక మాట గుర్తుంచుకోవాలి. చాలా ఇళ్లలో పొయ్యి మీద ఉండే మైక్రోవేవ్ ఫ్యాన్ పొగని బయటికి పంపదు, వడగట్టినట్టు చేసి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. పోపు ఆవిరి, వేపుడు నూనె, అగరొత్తుల పొగ అన్నీ చివరికి ఈ ఫిల్టర్‌కే చేరతాయి. డబ్బా మీద మూడు నెలలని రాసి ఉన్నా మా ఇంట్లో ఆరేడు వారాలకే అది బూడిద రంగుకి తిరుగుతుంది. రాసిన తేదీని కాదు, ఫిల్టర్‌ని తీసి చూడండి. బాగా దట్టమైన ఫిల్టర్ మంచిదని అత్యధిక మెర్వ్ (ఎంత సన్నటి దుమ్మునైనా పట్టగలదో చెప్పే అంకె) ఉన్నది కొనొద్దు. ఒక అంగుళం చోటులో మెర్వ్ 8 నుంచి 11 సరిపోతుంది. అంతకు మించితే కొన్ని ఇళ్లలో గాలి అందక కాయిల్ (లోపల గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద మంచు కట్టవచ్చు.

మే నెల మధ్యలో ఒక గంట బయటి యూనిట్‌కి ఇవ్వండి. ముందు గోడకున్న డిస్‌కనెక్ట్ బాక్స్‌లో కరెంటు తీసేయండి, బేస్‌మెంట్‌లో బ్రేకర్ కూడా ఆపండి. చుట్టూ రెండడుగుల మేర ఆకులు, కొమ్మలు తీసేయండి. తోటకి వాడే గొట్టంతో మెల్లగా, పై నుంచి కిందికి రేకుల మీద నీళ్లు పట్టండి. కారు కడిగే ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు, సన్నటి రేకులు మడతపడిపోతాయి. పలక ఒరిగిందేమో లెవెల్ పెట్టి చూడండి. రాగి గొట్టం మీద నల్లటి నురుగు తొడుగు చిరిగి ఉంటే కొత్తది పది డాలర్ల లోపే దొరుకుతుంది. ఎలుకల గూడు, కొరికిన వైరు కనిపిస్తే మాత్రం అక్కడితో ఆగి టెక్నీషియన్‌ని పిలవాలి.

జూన్‌లో ఇంకోసారి కడగాలి. ఈ మాట చాలామంది చెప్పరు. మే చివర, జూన్‌లో కాటన్‌వుడ్ చెట్ల నుంచి దూది మంచులా ఎగిరి వస్తుంది. మన బూరుగు దూదిలాంటిదే. అది బయటి యూనిట్ రేకుల్ని దుప్పటిలా కప్పేస్తుంది. మే మొదట్లో 150 డాలర్లిచ్చి శుభ్రం చేయించినా, జూన్ 20 నాటికి మళ్లీ మూసుకుపోతుంది. అసలైన ఎండలకి ముందు ఆ దూదిని కడగడమే ఈ ప్రాంతంలో ఏసీకి చేయగలిగిన అతి పెద్ద మేలు. దానికి ఏ ప్లాన్‌లోనూ మనిషి రాడు.

బేస్‌మెంట్‌లో రెండు పనులు. ఒకటి, కాయిల్ నుంచి నీళ్లు పోయే పీవీసీ గొట్టంలో ఒక కప్పు తెల్ల వెనిగర్ పోసి, నీళ్లు ఫ్లోర్ డ్రెయిన్ దాకా పోతున్నాయో లేదో చూడండి. పాచి పట్టి మూసుకుపోతే నీళ్లు ఫర్నేస్ మీద, కార్పెట్ మీద పడతాయి. మనలో చాలామంది పిల్లల సెలవులకి జూన్, జూలైలో ఐదారు వారాలు ఇండియా వెళ్తాం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఇలా జరిగితే తిరిగొచ్చేసరికి బేస్‌మెంట్ అంతా బూజు వాసన. వెళ్లే ముందు ఈ గొట్టం చూసుకుని, థర్మోస్టాట్‌ని 82 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి వెళ్లండి. పూర్తిగా ఆపేస్తే తేమ పేరుకుంటుంది.

రెండోది హ్యుమిడిఫయర్, అంటే గాలికి తేమ కలిపే యంత్రం. ఇక్కడ చలికాలం గాలి ఎండిపోతుంది కాబట్టి చాలా ఫర్నేస్‌లకి హ్యుమిడిఫయర్ బిగించి ఉంటుంది. అందులో బైపాస్ రకమైతే దాని గొట్టానికి ఒక చిన్న మీట ఉంటుంది, ఒక వైపు వింటర్, ఇంకో వైపు సమ్మర్. ఇల్లు కొన్న రెండో ఏడాది జూన్‌లో మా పై అంతస్తు చల్లబడటం మానేసింది. కిందికి వెళ్లి చూస్తే రాగి గొట్టం మీద మంచు. పిల్లలకి పడుకోవడమే కష్టమైంది, ఆ రాత్రంతా టెన్షన్. మర్నాడు వచ్చిన టెక్నీషియన్ మూసుకుపోయిన ఫిల్టర్ తీశాడు, వింటర్ వైపున్న మీటని సమ్మర్ వైపు తిప్పాడు. ఆ మీట తెరిచి ఉంటే చల్లబడిన గాలిలో కొంత గదులకి వెళ్లకుండా అక్కడికక్కడే తిరిగి లోపలికి వచ్చేస్తుంది. బిల్లు 169 డాలర్లు. అంతకుముందు మార్చిలో ప్లాన్ కింద వచ్చిన మనిషి దాన్ని చూడలేదు. చూసి ఉంటే ఆ ఖర్చు ఉండేది కాదు. మే నెలలో మీట సమ్మర్ వైపు, అక్టోబరులో వింటర్ వైపు. ఫర్నేస్ మీద ఒక కాగితం అంటించుకోండి.

ఇవన్నీ అయ్యాక, బయట 65 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజు ఏసీ వేసి పావుగంట తిరగనివ్వండి. వంటింటి థర్మామీటర్‌తో గాలి లోపలికి పోయే చోట, చల్లగాలి బయటికొచ్చే చోట చూడండి. తేడా 15 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే ఏసీ ఆరోగ్యంగా ఉన్నట్టే. పది డిగ్రీలే ఉంటే మనిషిని పిలవాల్సిందే. చలిలో మాత్రం ఈ పరీక్ష చేయొద్దు. బయట 60 డిగ్రీల కంటే తక్కువ ఉన్నప్పుడు ఏసీ నడిపితే కంప్రెసర్‌లో నూనె చిక్కబడి ఉంటుంది, ఏసీలో చల్లబరిచే గ్యాస్ ద్రవంగానే లోపలికి చేరి కంప్రెసర్‌నే దెబ్బతీయవచ్చు. బ్రేకర్ చలికాలమంతా ఆపి ఉంచిన వాళ్లు, ఏసీ వేయడానికి ఒక రోజు ముందే దాన్ని ఆన్ చేయాలి. కొన్ని యూనిట్లలో కంప్రెసర్ కింద చిన్న హీటర్ ఉంటుంది, నూనెని అది వెచ్చబరచాలి.

అక్టోబరులో బయటి యూనిట్‌కి నిండా ప్లాస్టిక్ కవర్ తొడగొద్దు. లోపల చెమ్మ నిలిచి తుప్పు పడుతుంది, ఎలుకలకి ఇల్లు కట్టిచ్చినట్టవుతుంది. మంచుగడ్డలు పడే చోటైతే పైభాగం మీద మాత్రం ఒక ప్లైవుడ్ ముక్క పెట్టి బరువు పెడితే చాలు. వేసవిలో దాన్ని తీయడం మర్చిపోవద్దు.

మనం చేయకూడనివి రెండే. ఏసీ గ్యాస్ జోలికి పోకూడదు. అమెరికాలో దాన్ని ముట్టుకోవాలంటే ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) సెక్షన్ 608 సర్టిఫికెట్ ఉండాలి. కరెంటు పెట్టె లోపలికి చేయి పెట్టకూడదు. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో (మోటార్లు తిరగడానికి ఊతమిచ్చే భాగం) షాక్ కొట్టేంత ఛార్జ్ మిగిలి ఉంటుంది.

ఒక్కసారికి పిలవడం: 100 నుంచి 200 డాలర్లు

ఒక్క ఏసీ ట్యూనప్‌కి మా వైపు మంచి కంపెనీలు తీసుకునేది ఇంత. ఏప్రిల్‌లో 59 డాలర్లకీ 79 డాలర్లకీ కూపన్లు వస్తాయి. ఆ ధరకి నేర్పున్న మనిషిని గంటసేపు పంపడం ఏ కంపెనీకీ గిట్టుబాటు కాదు, మిగతాది ఇంట్లోకి వచ్చాక ఏదో ఒకటి అమ్మి రాబట్టుకోవాల్సిందే. అందుకే నేను కూపన్ల జోలికి వెళ్లను.

డబ్బిచ్చినప్పుడు ఏం దక్కాలి? కెపాసిటర్ కొలత, కంప్రెసర్, ఫ్యాన్ తీసుకుంటున్న కరెంటు, గ్యాస్ పీడనాలు, గ్యాస్ సరిపడా ఉందో చెప్పే సూపర్‌హీట్, సబ్‌కూలింగ్ కొలతలు, లోపలి కాయిల్ పరిస్థితి. వీటిని అంకెలతో కాగితం మీద రాసివ్వమని బుక్ చేసేటప్పుడే అడగండి. "అంతా బాగుంది" అని టిక్కులు పెట్టిన కాగితం వచ్చే ఏడాదికి పనికిరాదు. అంకెలుంటే, కెపాసిటర్ రెండేళ్లలో ఎంత బలహీనపడిందో మీకే కనబడుతుంది. జూలై ఎండల్లో ఇక్కడ ఏసీ ఆగిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఆ కెపాసిటరే. వస్తువు ఖరీదు 10 నుంచి 30 డాలర్లు, అర్జెంటుగా మార్చినప్పుడు బిల్లు 200, 300 అవుతుంది. మేలో కొలిచి మారిస్తే ఆ రష్ రేటు తప్పుతుంది. ట్యూనప్‌కి పెట్టిన డబ్బు తిరిగి వచ్చేది ఇక్కడ.

బయట 65 డిగ్రీలైనా లేని రోజు గ్యాస్ సరిగ్గా ఉందో లేదో కొలవడం కుదరదు. కాబట్టి మే రెండో వారం తర్వాతి తేదీయే అడగండి. ఏప్రిల్‌లో వస్తామంటే వద్దనండి.

ఏడాది ప్లాన్: 150 నుంచి 300 డాలర్లు

సాధారణంగా ప్లాన్ అంటే చలికాలానికి ముందు ఫర్నేస్‌కి ఒకసారి, వేసవికి ముందు ఏసీకి ఒకసారి మనిషి రావడం, రిపేరు వస్తే 10, 15 శాతం తగ్గింపు, రద్దీ రోజుల్లో ముందు వరస. జనవరిలో మైనస్ 20 డిగ్రీల రాత్రి ఫర్నేస్ ఆగిపోతే ఆ ముందు వరసకి నిజంగా విలువ ఉంది. చిన్నపిల్లలున్న ఇల్లు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్న ఇల్లు అయితే ఆ ఒక్కదానికే ప్లాన్ తీసుకోవచ్చు, నేను తప్పుపట్టను.

కానీ కాగితం చదవండి. రెండుసార్లు వస్తారా, ఒకేసారి రెండూ చూసేస్తారా? నా ప్లాన్‌లో అదే జరిగింది. మార్చి చివర వచ్చి, బయట 40 డిగ్రీల ఫారెన్‌హీటే ఉన్న రోజు, ఫర్నేస్ చూశారు, ఏసీ వేయకుండానే కాగితం మీద టిక్ పెట్టారు. వేయకపోవడం సరైనదే, వేస్తే కంప్రెసర్‌కి ప్రమాదం. కానీ మళ్లీ వేసవిలో రాలేదు. రెండేళ్లు ఏసీకి నేను కట్టిన డబ్బుకి ఏ పనీ జరగలేదు. ఇంకో సంగతి, కార్డు మీద దానంతటదే రెన్యూ అయ్యే షరతు. అది ఉంటే గడువుకి నెల ముందు ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి.

ధర విషయంలో నేను వాడే లెక్క ఇది. అదే కంపెనీలో ఫర్నేస్‌కి ఒక్కసారి వస్తే ఎంతో అడగండి, ఏసీకి ఒక్కసారి వస్తే ఎంతో అడగండి. ఫర్నేస్ ధరకి ఏసీ ధరలో సగం కలపండి. ప్లాన్ అంతకంటే తక్కువుంటే తీసుకోండి, ఎక్కువుంటే వదిలేయండి. సగమే ఎందుకంటే, పైన చెప్పిన పనులు మీరే చేసుకుంటుంటే పదేళ్ల లోపు వయసున్న ఏసీకి చలి ఊళ్లో రెండేళ్లకోసారి టెక్నీషియన్ చాలు. ఫర్నేస్ మాత్రం ప్రతి ఏడాదీ చూపించాలి, అందులో సందేహం లేదు. అది ఆరేడు నెలలు తిరుగుతుంది, అందులో మంట ఉంది, పగులు వస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ప్రతి పడకగదికీ పదడుగుల లోపు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలని మినెసోటా చట్టమే చెప్తోంది. డబ్బు పరిమితంగా ఉంటే ఏసీది ఆపి ఫర్నేస్‌కి పెట్టండి.

ఈ లెక్క మారే సందర్భాలున్నాయి. ఏసీకి పదేళ్లు దాటితే ఏటా చూపించడం మంచిది. 2010కి ముందుది, ఆర్-22 గ్యాస్‌ది అయితే ఇంకా జాగ్రత్త. ఆ గ్యాస్ తయారీ, దిగుమతి అమెరికాలో 2020 జనవరి 1 నుంచి ఆగిపోయాయి, లీకు వస్తే నింపడం దండగ ఖర్చు. ఆర్-410ఏ యూనిట్ ఉన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు. 2025 నుంచి కొత్తవి ఆర్-32, ఆర్-454బి గ్యాసులతో వస్తున్నా, పాతవాటి సర్వీసింగ్ ఆగలేదు.

ఇంకో సందర్భం వారంటీ. కొత్త ఏసీలకి రిజిస్టర్ చేయిస్తే విడిభాగాలకి పదేళ్ల వారంటీ మామూలు. కొన్ని కంపెనీలు క్లెయిమ్ వచ్చినప్పుడు సర్వీసింగ్ రుజువు అడుగుతాయి. మీ కాగితంలో ఏటా చేయించాలని ఉంటే ఏటా చేయించండి, బిల్లులు ఫోటో తీసి దాచండి. ఫిల్టర్ కొన్న రసీదులు కూడా. సెకండ్ హ్యాండ్ ఇల్లు కొన్నవాళ్లు వారంటీ మీ పేరుకి మారిందో లేదో ముందు చూసుకోండి. చాలా బ్రాండ్లలో యజమాని మారితే అది తగ్గిపోతుంది లేదా గడువులోగా మార్పించుకోవాలి. లేని వారంటీని కాపాడటానికి ఏటా 150 డాలర్లు కట్టే వాళ్లని చూశాను.

హోమ్ వారంటీ అని ఏడాదికి 500, 700 డాలర్లకి అమ్మేవి వేరు. అవి రిపేరుకి, సర్వీసింగ్‌కి కాదు. పైగా మనిషి వచ్చిన ప్రతిసారీ 75 నుంచి 125 డాలర్లు కట్టాలి, సర్వీసింగ్ చేయించలేదని క్లెయిమ్ తోసిపుచ్చే షరతు కూడా ఉంటుంది. మూడు నెలల ఏసీ కోసం అవి వద్దనే చెప్తాను. ఇంటికి గ్యాస్, కరెంటు ఇచ్చే కంపెనీలు రిపేరు ప్లాన్లు అమ్మడం కూడా ఉంది. వాటిని కూడా రిపేరు బీమాగా చూడండి, సర్వీసింగ్ ప్లాన్‌గా కాదు.

ఇల్లు వేరైతే

పైన చెప్పిందంతా ఫర్నేస్‌తో జతైన సెంట్రల్ ఏసీ గురించి. హీట్ పంప్ పెట్టించుకున్న వాళ్లకి ఈ రెండేళ్ల సూత్రం పనికిరాదు. అది చలికాలంలో కూడా తిరుగుతుంది, చలి ప్రాంతాలకి చేసిన మోడళ్లు మైనస్ 15 ఫారెన్‌హీట్‌లో కూడా. ఏడాదికి రెండు కాలాల పని ఒకే యంత్రం చేస్తోంది కాబట్టి ఏటా చూపించాలి. మంచు పడ్డ ప్రతిసారీ చుట్టూ మంచు తీయాలి.

గోడకుండే మినీ స్ప్లిట్ అయితే జాలీ ఫిల్టర్లు నెలకోసారి పంపు కింద కడిగితే చాలు. లోపలి చక్రానికి నల్లటి బూజు పడితే విప్పి కడగడానికి ఒక్కో యూనిట్‌కి 150 నుంచి 300 డాలర్ల దాకా అడుగుతారు. హైదరాబాదులో వందల రూపాయల్లో అయ్యే పని ఇక్కడ ఇంత. అందుకని ఆ నెలవారీ కడుగుడు మానకండి. కిటికీ ఏసీ వాళ్లకి ఖర్చే లేదు. సెప్టెంబరు చివర తీసి, ఆరబెట్టి, నిలువుగా దాచండి.

కెనడాలో, ముఖ్యంగా ఒంటారియోలో ఉన్నవాళ్లకి ఇంకో దారి కనబడుతుంది: ఏసీ, ఫర్నేస్ అద్దెకి. సర్వీసింగ్ అందులోనే ఉంటుంది, నెల కిస్తీ చిన్నగా కనిపిస్తుంది. మొత్తం ఏళ్లకి కూడితే కొన్నదాని కంటే చాలా ఎక్కువ. సర్వీసింగ్ ఖర్చు తప్పుతుందని దానికి ఒప్పుకోవద్దు. పిలవకుండా ఇంటి తలుపు కొట్టి ఏసీలు, ఫర్నేస్‌లు అమ్మడాన్ని ఒంటారియో 2018 మార్చి 1 నుంచి నిషేధించింది. అలా వచ్చిన వాళ్ల కాగితం మీద సంతకం పెట్టకండి.

ఏ దారి తీసుకున్నా, ఇంట్లోకి వచ్చిన మనిషి చెప్పే మూడు మాటల దగ్గర ఆగండి. "గ్యాస్ కొంచెం తగ్గింది, నింపుతాను" అంటే లీకు ఎక్కడుందని అడగండి. ఏసీ గ్యాస్ పెట్రోలు లాంటిది కాదు, వాడితే తరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. "డక్టులు కడిగితే ఆరోగ్యానికి మంచిది" అంటే, అలా రోగాలు రాకుండా ఆగినట్టు ఎప్పుడూ రుజువు కాలేదని ఈపీఏ స్వయంగా చెప్పింది. "ఈ రోజే సంతకం పెడితే కొత్త యూనిట్ మీద తగ్గింపు" అంటే ఇంకో ఇద్దరి దగ్గర ధర తీసుకున్నాకే మాట్లాడండి.

ఉడ్‌బరీ తమ్ముడి లెక్కకి వస్తే, ప్లాన్ నెలకు 23 చొప్పున ఏడాదికి 276 డాలర్లు. అదే కంపెనీలో ఫర్నేస్ విజిట్ 129, ఏసీ విజిట్ 149. 129కి 149లో సగం కలిపితే సుమారు 204. ప్లాన్ 72 డాలర్లు ఎక్కువ. వాళ్ల ఏసీ 2017 నాటిది, వారంటీ పాత యజమాని పేరు మీదే ఉండి రద్దయింది. ప్లాన్ వద్దన్నాను. సెప్టెంబరులో ఫర్నేస్ విజిట్ బుక్ చేసుకోమన్నాను, ఏసీ పని మే మూడో శనివారం ఇద్దరం కలిసి చేద్దామన్నాను.

ఆ రోజు బయట 71 డిగ్రీలు. కరెంటు తీసి, రేకులు కడిగాం. హ్యుమిడిఫయర్ మీట వింటర్ వైపే ఉంది, తిప్పాడు. వెనిగర్ పోస్తే గొట్టంలోంచి ఆకుపచ్చ పాచి కదిలి వచ్చింది. ఏసీ వేస్తే తేడా 17 డిగ్రీలు వచ్చింది. అయితే బయటి యూనిట్ అడుగున, గోడ వైపు, ఎలుక గూడు ఉంది. దాని పక్కన సన్నటి కంట్రోల్ వైరు తొడుగు కొరికి రాగి బయటపడింది. వెంటనే ఏసీ ఆపించి, వైరు ఫోటో తీసి టెక్నీషియన్‌కి పంపమన్నాను. సోమవారం వచ్చి వైరు మార్చారు, 140 డాలర్లు. అదే విజిట్‌లో కెపాసిటర్ కొలిచి అంకె రాసివ్వమని అడిగాడు, రాసిచ్చారు.